బోర్డు మీది ఉత్తరం

హన్మకొండ,
22 జూన్ 2025, ఆదివారం.

అక్కకు,
సారంగపాణి నమస్కారాలు.

నీ మనవడు అఖిల్ క్షేమంగా చేరాడు. పెట్టె, పరుపు, బకెట్టు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఎనిమిదో తరగతి బి సెక్షన్, హాస్టల్లో రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. మొదటిరోజే అందరి ముందూ "తాతా" అని పిలిచాడు. "ఇక్కడ తాత లేడురా, సారే ఉన్నడు" అన్నాను. మూతి ముడుచుకున్నాడు. ఏం చేయనక్కా, రెండు వందల నలభై మంది మగపిల్లలు. ఒకడికి తాతనైతే మిగతావాళ్లు నన్ను బతకనివ్వరు.

నేనెట్లా ఉన్నానని అడిగావు. అలసిపోయాను. బడి తెరిచి పది రోజులే అయింది, నాకు మాత్రం అప్పుడే వార్షిక పరీక్షలు అయిపోయినట్టుంది. అడ్మిషన్లు తెమ్మని కరస్పాండెంట్ కిషన్ రావు సారు ఎండాకాలమంతా మమ్మల్ని ఊళ్ల మీదికి తోలాడు. యాభై ఆరేళ్ల తెలుగు పంతుల్ని, కరపత్రాలు చంకన పెట్టుకుని గడప గడపకూ తిరిగాను. ధర్మసాగర్‌లో ఒకామె, "మీ బడిల పోరగాండ్లను మంచిగ చూసుకుంటరా సారూ?" అని అడిగింది. చూసుకుంటామని చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే బడి ప్రకటనలాగా వినిపించింది.

ఇక్కడ పిల్లలకు ఫోన్లు లేవు. దసరా, సంక్రాంతి సెలవులకు తప్ప తల్లిదండ్రులు కలవడానికీ లేదు. అందుకని ఆదివారం టిఫిన్ కాగానే అందరూ స్టడీ హాల్లో కూర్చుని ఇంటికి ఉత్తరం రాయాలి. పదిహేనేళ్లుగా అది వార్డెన్‌గా నా డ్యూటీ. నేను బోర్డు మీద ఉత్తరం రాస్తాను, వాళ్లు చూసి రాసుకుంటారు. చివర రెండు లైన్లు సొంతంగా రాయొచ్చు. అవి నేను చదివి, పనికిరానివి కొట్టేసి, పదో తరగతివాళ్లతో ఫెయిర్ చేయించి పోస్టులో వేస్తాను. రోగాలు, ఏడుపులు, పప్పు నీళ్లలాగా ఉందన్న ఫిర్యాదులు ఉండకూడదని ఆర్డరు. ఒకసారి ఒకడు జ్వరమని రాస్తే వాడి ఊరు ఊరంతా ట్రాక్టరెక్కి గేటు ముందుకు వచ్చింది.

అన్నట్టు, అఖిల్ పెట్టె అడుగున దూది పొట్లం దొరికింది. ఎందుకురా అంటే "దీపం వత్తులకు సార్" అన్నాడు. పదమూడేళ్లకే ఇంత భక్తి ఎక్కడిదో! పోనీలే అని ఉంచుకోనిచ్చాను.

వాట్సాప్ అక్షరాలు కంటికి ఆనవంటావు, ఫోన్ చేస్తే వినపడదు. నీ చెవులు పోయినప్పటి నుంచి మనకిదే అలవాటైంది. అప్పుడు పలక, ఇప్పుడు కాగితం. నిజం చెప్పాలంటే వారమంతా నేను మాట్లాడే మాటల్లో నావి అనుకోదగ్గవి నీకు రాసేవే.

నీ తమ్ముడు,
సారంగపాణి

*

వర్ధన్నపేట,
5 జూలై 2025.

తమ్ముడు సారంగపాణికి,
అక్క సరస్వతి దీవించి రాసేది.

అఖిల్ ఉత్తరాలు రెండు అందాయి. "తమరి ఆశీస్సులతో నా విద్యాభ్యాసం నిరాటంకంగా సాగుతున్నది" అని రాశాడు. వాడికి నిరాటంకం అంటే ఏమిటో తెలుసా? వాళ్లమ్మ దీప చదివి, "అత్తమ్మా, మనోడు గిట్ల మాట్లాడుతడా?" అని కాగితం మీద రాసి చూపించింది. మేమిద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక దీప కళ్లు తుడుచుకుంది. రెండో ఉత్తరం కూడా అదే, తారీఖు ఒక్కటి మారింది.

కొడుకు రాజమౌళి లారీ మీద నాగపూర్ పోయాడు. ఇంట్లో నేను, దీప, కుట్టు మిషను. బతుకమ్మ జాకెట్లు ఇప్పటి నుంచే వస్తున్నాయి.

వాడికి పూజ అంటే ఇష్టమే, దూది ఉంచుకోనివ్వు. వానకు తడవకుండా చూడు. తలస్నానం చేస్తే బాగా తుడుచుకోమను. అంతకంటే ఏమీ లేదు. నువ్వు వేళకు తిను.

మీ అక్క

*

హన్మకొండ,
17 ఆగస్టు 2025, ఆదివారం.

అక్కకు నమస్కారాలు.

రాఖీ అందింది. పిల్లలే చేతికి కట్టారు. ముడి ఎట్లా వేశారో, స్నానం చేసినా ఊడటం లేదు.

జెండా పండగ అయింది. నెల రోజులు కవాతు నేర్పించాం. తీరా ఆ రోజు పీఈటీ సారు కుడివైపు తిరగమని అరిస్తే అరవై మంది తిరిగారు, నీ మనవడొక్కడు నిటారుగా నిలబడ్డాడు. పక్కవాణ్ని చూసి అప్పుడు తిరిగాడు. ముఖ్య అతిథి నవ్వాడు. కరస్పాండెంట్ సారు నవ్వలేదు. "సారంగపాణీ, మీ సుట్టమని నేనేమంటలేను. గని గీ నిర్లక్ష్యం మంచిగ లేదు" అన్నాడు. పీఈటీ సారు అఖిల్ చేత గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించాడు.

రాయొద్దనుకున్నాను కానీ రాస్తున్నాను. అఖిల్‌కు పొగరు పెరిగింది. నేను బోర్డు మీద రాస్తూ పిలిస్తే పలకడు. మూడుసార్లు పిలవాలి, అప్పటికి పక్కవాడు గిల్లితే తల ఎత్తుతాడు. "నేనేం చెప్పినరా?" అంటే బిత్తర చూపులు. మొన్న కోపమొచ్చి వెనక బెంచీకి పంపాను. బంధువులబ్బాయిని వెనకేసుకొస్తున్నాడన్న మాట నాకొద్దు.

రోజుకు ఆరు పీరియడ్లు, ఆపైన స్టడీ అవర్, హాస్టల్ హాజరు. వర్షాలకు బాత్రూముల్లో పాకుడు పట్టింది, అదీ నన్నే చూడమంటున్నారు. మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి. ఒక పిల్లవాడి మొండితనం గురించి ఆలోచించే ఓపిక నాలో మిగల్లేదక్కా. నువ్వు కోప్పడి ఒక ఉత్తరం రాయి, నీ మాటైతే వింటాడు.

సారంగపాణి

*

వర్ధన్నపేట,
24 ఆగస్టు 2025.

తమ్మీ,

నీ ఉత్తరం చదివాను. వాడికి పొగరు లేదు. చిన్నప్పటి నుంచీ నెమ్మది.

నువ్వు పిలిచినప్పుడు వాడు నీ ముఖం చూస్తున్నాడా, పుస్తకం చూస్తున్నాడా? ఊరికే అడుగుతున్నాను. వెనక బెంచీలో వద్దు, ముందే కూర్చోబెట్టు. బోర్డు సరిగ్గా కనిపించదేమో. కళ్లజోడు కావాలో ఏమో, దసరాకు వస్తే చూపిస్తాం.

కోప్పడి రాయమన్నావు. నేను రాయను. పిలిస్తే పలకలేదని మన ఇంట్లో ఎవరెవరు ఎన్ని దెబ్బలు తిన్నారో నీకు గుర్తు లేదా?

అక్క

*

వర్ధన్నపేట,
6 అక్టోబరు 2025.

తమ్ముడికి,

దసరా సెలవులు అయిపోయి అఖిల్ నిన్న అక్కడికి చేరి ఉంటాడు. సకినాల డబ్బా నీది, మురుకులు వాడివి. ఇద్దరూ కొట్లాడుకోవద్దు.

ఒక్క సంగతి అడగాలి. సెలవుల్లో వాడు నాతో, "నానమ్మా, దూది అయిపోయిందని మూడుసార్లు రాసిన. నువ్వు పంపకపోతివి" అన్నాడు. నేను వాడి పెదవులు చూసి అర్థం చేసుకుంటాను కాబట్టి తప్పుగా అనుకున్నానేమోనని కాగితం మీద రాయించుకున్నాను. మూడుసార్లే. నాకు వచ్చిన ఉత్తరాల్లో దూది అన్న మాట ఒక్కచోట కూడా లేదు. బీరువాలోంచి తీసి అన్నీ మళ్లీ చదివాను. అన్నిట్లో నీ ఆశీస్సులూ నిరాటంకాలే ఉన్నాయి.

నువ్వు కొట్టేశావా? కొట్టేస్తే ఇంకా ఏమేం కొట్టేశావు?

వాడు ఇంట్లో గట్టిగా మాట్లాడుతున్నాడని దీప అంటున్నది. నాతో అందరూ గట్టిగానే మాట్లాడతారు, నాకు తేడా తెలియలేదు.

అక్క

*

హన్మకొండ,
16 నవంబరు 2025, ఆదివారం.

అక్కకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. త్రైమాసిక మార్కుల రిజిస్టర్లు, సైన్స్ ఫెయిర్, మొన్న బాలల దినోత్సవం. పిల్లల పండగంటే పెద్దల నడుం విరిగే పండగ. పదో తరగతివాళ్లు నాటకం వేశారు, అందులో నన్నే అనుకరించారు. భుజాలు వంచుకుని, అందరికీ వీపు చూపిస్తూ, బోర్డుతో మాట్లాడే పంతులు. హాలంతా విరగబడి నవ్వింది. నేను కూడా నవ్వాను.

నువ్వడిగిన దానికి జవాబు, అవును, కొట్టేశాను. దూది పంపమని ఉత్తరం రాస్తే, హాస్టల్లో దూది కూడా దొరకదా అని ఇంటివాళ్లు అనుకోరా? అందుకని కొట్టేశాను. అది నా డ్యూటీ. నీ మనవడిదే కాదు, రెండు వందల నలభై మందివీ కొడతాను. ఒక్కొక్కడికి ఒక్కో నొప్పి ఉంటుంది. ఒకడికి కడుపు, ఒకడికి తల. ఇంటికి పోవడానికి ఎత్తులు. మనవాడు చెవి పట్టుకున్నాడు. దసరా నుంచి వచ్చాక ప్రతి ఆదివారం అదే, చెవి నొస్తుంది, చెవి కారుతుంది, చెవిలో రొద. నేనూ ప్రతి ఆదివారం గీత కొడుతున్నాను. ఎవరు ముందు అలసిపోతారో చూడాలి. నోటితో మాత్రం నాకెప్పుడూ చెప్పడు, కాగితం మీదే ఆ నొప్పులన్నీ.

మార్కులు పడిపోయాయి. అర్ధ సంవత్సర పరీక్షల్లో కూడా ఇట్లాగే ఉంటే ఇంటికి పంపేద్దామని కరస్పాండెంట్ సారు అంటున్నాడు. నేను ఎంతవరకు అడ్డుపడగలను?

సారంగపాణి

*

వర్ధన్నపేట,
19 నవంబరు 2025.

సారంగపాణీ,

పోస్టులో వేయకుండా ఇప్పటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, ఈ కాగితం అందగానే వాణ్ని దవాఖానకు తీసుకుపో. ఏ క్లాసు ఉన్నా సరే. చెవి డాక్టరుకే చూపించు. దీప రేపు పొద్దున బస్సుకు వస్తున్నది. ఆమె వచ్చేవరకు ఆగకు.

దూది దీపానికి కాదు. వాడి చెవిలో పెట్టుకోవడానికి. రెండేళ్ల నుంచి వానాకాలం రాగానే ఎడమ చెవి కారుతున్నది. దసరాకు కూడా కారింది. ఊళ్లో ఆర్ఎంపీ రాయమల్లు చుక్కలు వేశాడు, ఆరిపోయింది. ఏం ఫికర్ లేదన్నాడు. నమ్మాను.

మీ బడి ఫారంలో రోగాలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవని నేనే రాయించాను. ఎవరికీ చెప్పవద్దని, దూది గురించి అడిగితే వత్తులకని చెప్పమని వాడికి నేర్పింది కూడా నేనే. వాడు నీకు నోటితో చెప్పలేదంటే నా మాట నిలబెట్టాడు. నాకు రాసుకోవచ్చని మాత్రం అన్నాను. ఆ ఒక్క దారి నువ్వు మూసేశావు.

ఎందుకు దాచానని అడుగుతావు. నాకు పదేళ్లు, నీకు ఆరు. చెవి కారేది. పిలిస్తే పలకడం లేదని బాపు తొడపాశం పెట్టేవాడు. తర్వాత చెవిటిదని తేలింది, ఇక దెబ్బలు ఆపాడు, బడి కూడా మాన్పించాడు. "ఇనవడని దానికి సదువెందుకు?" అన్నాడు. ఆయన పెదవుల మీద నేను సరిగ్గా చదివిన మొదటి మాట అదే. సాయంత్రాలు నువ్వు పలక తెచ్చి ఆ రోజు పాఠం రాసి చూపకపోతే నాకీ నాలుగక్షరాలు కూడా వచ్చేవి కావు. చెవి పేరు ఎత్తితే వాణ్ని కూడా బడి మాన్పిస్తారని భయపడ్డాను.

నీకు ఆరేళ్లప్పుడే నా చెవి సంగతి ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టినవాడివి. యాభై ఆరేళ్లకు ఏమైంది తమ్మీ నీకు?

అక్క

*

హన్మకొండ,
7 డిసెంబరు 2025, ఆదివారం.

అక్కా,

దీప చెప్పే ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి.

నీ ఉత్తరం అందినప్పుడు ఎనిమిది బి లోనే ఉన్నాను. చదివి జేబులో పెట్టుకుని, వాడి వెనక్కి పోయి నిలబడి, మామూలు గొంతుతో "అఖిల్" అన్నాను. కదల్లేదు. కొంచెం గట్టిగా పిలిచాను. కదల్లేదు. చుట్టూ పిల్లలంతా చూస్తున్నారు, వాడొక్కడు నోట్సు రాసుకుంటున్నాడు. అప్పుడు వాడి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, కొడతాననుకుని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్కా, ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

డాక్టర్ సుగుణ అని, చెవుల డాక్టరు. లైటు వేసి చూసింది, స్కాన్ తీయించింది. ఎడమ చెవి కర్ణభేరికి పెద్ద రంధ్రం, వెనక ఎముక కూడా పుచ్చిపోయింది. "ఇన్ని దినాలు ఏం జేసిన్రు సార్? గీ పిల్లగాడు మీ పెదవులు చూసుకుంట చదువుకుంటాండు. మీరు అటు తిరిగితే వానికి క్లాసే లేదు" అంది. ఆపరేషన్ తప్పదు. చీము లోపలికి పాకకుండా ఆపడానికే అది. ఎడమ చెవికి వినికిడి తిరిగి రాదు. కుడి చెవిలో కూడా నీరు చేరింది కానీ అది దక్కుతుందట. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే ఆ మాట కూడా చెప్పలేకపోయేదాన్నని అంది.

తిరిగొచ్చి వాడి పాత ఉత్తరాలు వెతికాను. నేను గీతలు కొట్టినవి పారేయం, వెనక వైపు పిల్లలు లెక్కలు చేసుకోవడానికి చిత్తు కాగితాల కట్టలో వేస్తాం. రెండు గంటలు వెతికితే పదకొండు దొరికాయి. ఒకదాని మీద భిన్నాలు, ఇంకోదాని మీద ఎవరో గీసిన క్రికెట్ బ్యాటు. వాటి వెనక వాడి అక్షరాలు, ఆ అక్షరాల మీద నా ఎర్ర గీత. నీకే రావాల్సినవి కాబట్టి దీనితో పంపుతున్నాను.

అలసిపోయానని ఏడాదంతా నీకు రాశాను. నిజమే, అలసిపోయాను. కానీ కారణం అలసట ఒక్కటే కాదు. చదివినా పట్టించుకోకుండా గీత కొట్టడం నాకు అలవాటైపోయింది. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

నీ తమ్ముడు

*

వర్ధన్నపేట,
8 ఫిబ్రవరి 2026.

తమ్ముడికి,

ఆపరేషన్ రోజు నువ్వు దవాఖాన బయట బెంచీ మీద పొద్దంతా కూర్చున్నావని, నీళ్లు కూడా తాగలేదని దీప చెప్పింది. లోపలికి ఎందుకు రాలేదో నాకు తెలుసు. నేను కూడా కొన్నాళ్లు వాడి ముఖంలోకి చూడలేకపోయాను.

కుట్లు మానాయి. కుడి చెవి బాగా వినిపిస్తున్నది. మేడారం జాతరకు పోయి వచ్చాం. ఎత్తు బంగారం, వాడి బరువంత బెల్లం, మొక్కుకున్నాను, పదమూడేళ్ల వాడు ఎంత బరువున్నాడనుకున్నావు, బెల్లం మోయలేక రాజమౌళి కూలబడ్డాడు. అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వాం.

నువ్వు పంపిన పదకొండు చదివాను. ఎనిమిదో దాంట్లో ఏముందో నీకు గుర్తుందా? "నానమ్మా, నీకు కూడా మొదట గిట్లనే రొద వచ్చిందా? తర్వాత అసలే ఇనవడకపోతే నాకు పలక మీద రాసేటోళ్లు ఎవరు?" అని. ఆ రోజంతా మిషను ముట్టలేదు. నీ మీద కోపం వచ్చింది. ఫారంలో లేవు అని రాయించిన నా నోటి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఇద్దరం కలిసే చేశాం, ఇద్దరం కలిసే మోద్దాం. ఇక దాని గురించి రాయకు.

వాడు బడికి వస్తానంటున్నాడు. దోస్తులున్నారట, క్రికెట్ టోర్నమెంట్ ఉందట. నాకు భయంగా ఉన్నా ఆపను, చెవి పేరు మీద ఈ ఇంట్లో ఇంకొకరు బడి మానరు. వచ్చే సోమవారం దీప తెచ్చి దింపుతుంది. ఒక్క షరతు. నీ బోర్డు మీది ఉత్తరం మాకు పంపకు. వాడేం రాస్తే అదే రావాలి. తెల్లకాగితం వచ్చినా ఫర్వాలేదు.

అక్క

*

హన్మకొండ,
12 మార్చి 2026.

అక్కకు నమస్కారాలు.

వాడొక్కడికే ఆ హక్కిస్తే మిగతా రెండు వందల ముప్పై తొమ్మిది మంది ఏం పాపం చేశారు? పోయిన ఆదివారం స్టడీ హాల్లో బోర్డు తుడిచేశాను. "ఇయ్యాల ఇంటికి మీ ఉత్తరం మీరే రాసుకోండి, నేను చూడను" అన్నాను. ఒక్కడు కూడా కలం పట్టలేదు. చివరికి ఆరో తరగతి పిల్లవాడు లేచి, "సార్, ఏం రాయాలె?" అని అడిగాడు. పదిహేనేళ్లు తెలుగు చెప్పిన బడిలో నేను సంపాదించుకున్న ప్రశ్న అది. "మీ అమ్మ పక్కన కూసుంటే ఏం చెప్తవో అది రాయి" అన్నాను. తర్వాత గంటన్నర దాకా ఎవరూ తల ఎత్తలేదు. కవర్లు వాళ్లే అంటించారు. నేనే సంచీలో మోసుకెళ్లి పోస్టు డబ్బాలో వేశాను.

మంగళవారం నుంచి ఆఫీసు ఫోను ఆగలేదు. బుధవారం తల్లిదండ్రులు వచ్చారు. బాత్రూం తలుపులకు గడియల్లేవని, ఏడుగురికి గజ్జి ఉందని, ఒకడు నెల రోజులుగా పక్క తడుపుతున్నాడని, అన్నీ బయటపడ్డాయి. అన్నీ నిజాలే. నాకు తెలిసినవి కొన్ని, తెలుసుకోనివి కొన్ని. కరస్పాండెంట్ సారు, "సారంగపాణీ, బడి ఇజ్జత్ తీసినవు గదయ్యా. వచ్చే ఏడు నుంచి హాస్టల్ నీకు లేదు, పాఠం చెప్పుకో చాలు" అన్నాడు. సరేనన్నాను. గడియలు మాత్రం ఇవాళ బిగిస్తున్నారు.

అఖిల్‌ను ముందు బెంచీలో, కుడి చెవి నావైపు ఉండేట్టు కూర్చోబెట్టాను. మాట్లాడతాడు కానీ ముక్తసరిగా. తాతా అని మాత్రం అనడు. ఆ మాట నేనే ఆపించాను కదా. వాడి ఉత్తరం కూడా చదవలేదు. నీకు ఏం రాశాడో నాకు చెప్పనక్కర్లేదు.

సారంగపాణి

*

వర్ధన్నపేట,
16 మార్చి 2026.

తమ్మీ,

కవరు మీద నా పేరే ఉంది. లోపల ఉన్నది నాకు కాదు, నీకు. ఎదురుగా చెప్పలేక నా మీదుగా తిప్పి పంపాడు. ఒక్క అక్షరం కొట్టేయకుండా పంపుతున్నాను. చదువు.

అక్క

*

తాతా,

ఇది ఇంటికి రాసే ఉత్తరం కాబట్టి సార్ అని రాస్తలేను.

ముందు బెంచీ మంచిగ ఉంది. కుడి చెవికి అంతా ఇనవడుతుంది. కని మీరు పాఠం చెప్పేటప్పుడు బోర్డు దిక్కు తిరిగి చెప్తరు. అప్పుడు నాకు సగమే అర్థమైతది. నాకొక్కనికే కాదు, వెనక బెంచీలోళ్లకు చెవులు మంచిగున్నా ఇనవడదు. వాళ్లు మీకు భయపడి చెప్పరు.

జర ఇటు తిరిగి చెప్పు తాతా.

అఖిల్